సానచక్రముతో పని: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కుతుబ్‌షాహీ ప్రభువైన ఇబ్రహీం కులీ కాలమున, అనగా 1550 – 1580 సంవత్సరముల నడుమ, వెలసినదని ప్రసిద్ధి. ఆ కట్ట కట్టిన కాలమున పనివారి చేత నుండినవి ఉలి, సుత్తి, గునపము. ఆ పనిముట్లు మనిషి చేతి వేగముతోనే కదలెడివి. చేయి ఆగిన పనిముట్టు ఆగెడిది. కత్తులకు, కొడవళ్ళకు పదును పెట్టువాడు కాలితో త్రొక్కి త్రిప్పిన సాన సయితము కాలు నిలిపిన కొంతసేపటికి నిలిచెడిది.

నేడు అదే చెరువు ప్రక్కగా నాగార్జునసాగర్ రహదారి వెంట నడచి చూడుడు. ట్రాక్టరు ట్రాలీలు బాగుచేయు దుకాణములు, కిటికీ గ్రిల్సు, గేట్లు, షట్టర్లు తయారుచేయు వెల్డింగు షాపులు, నాపరాళ్ళు, గ్రానైటు బిళ్ళలు కోయువారు వరుసగా కనిపింతురు. ప్రతి దుకాణమందును ఒక చేతి గ్రైండరు, ఇనుము కోయు ఒక కటింగు మిషను ఉండును. సాయంకాలమున నిప్పురవ్వలు రోడ్డు వరకు చిమ్ముచుండును. ఇది గ్రామములు అభివృద్ధి చెందుచున్నవనుటకు ఒక గురుతే. అయితే ఈ చక్రములను త్రిప్పువారిలో అనేకులకు వాటిని గూర్చి నేర్పినవారు లేరు. చూచి నేర్చుకొన్నవారే అధికము. చూచినవాడు తప్పుగా చేసిన, నేర్చినవాడును తప్పుగానే చేయును.

అదే ప్రాంతమున ఆదిభట్లలో విమానముల, హెలికాప్టరుల భాగములు తయారగుచున్నవి. టాటా, బోయింగు సంస్థలు కలిసి స్థాపించిన కర్మాగారము 2018లో అచట ప్రారంభమైనది. అపాచీ హెలికాప్టరు దేహభాగములు అందు నిర్మింపబడుచున్నవి. అట్టి పెద్ద కర్మాగారములలో ఒక పనివానికి యంత్రము అప్పగించుటకు ముందు శిక్షణ ఇచ్చెదరు. కొన్ని మైళ్ళ దూరమునగల గ్రామపు దుకాణములో పదునెనిమిదేండ్ల కుర్రవానికి మొదటి దినముననే గ్రైండరు చేతికిచ్చెదరు. చక్రమునకు ఈ తేడా తెలియదు. అది రెండు చోట్లను ఒకే వేగముతో తిరుగును.

ఈ విషయము పంచాయతీ సభ్యులకేల అని కొందరడుగవచ్చును. పంచాయతీ ట్రాక్టరు ట్రాలీ తలుపు విరిగిన ఎచటికి పోవును? పాఠశాల గేటు, వైకుంఠధామపు గ్రిల్సు, నీళ్ళ ట్యాంకు నిచ్చెన ఎవరు చేయుదురు? ఆ పనులు చేయించువారు, బిల్లులు చెల్లించువారు మీరే. కనుక ఆ పని ఎట్లు జరుగుచున్నదో చూచు హక్కు మీకున్నది.

రెండు సంఖ్యలు

సానచక్రమనగా ఇసుక వంటి గట్టి రేణువులను జిగురుతో అంటించి బిళ్ళగా పోసిన వస్తువు. 1891లో అమెరికా దేశమున ఎడ్వర్డ్ అచెసన్ అను ఆయన కార్బొరండమును కనుగొనిన పిమ్మట కృత్రిమ రేణువుల చక్రములు వ్యాప్తిలోనికి వచ్చినవి. అంతకు పూర్వము ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణమున కత్తులు సానపట్టువారు సహజమైన ఇసుకరాతి చక్రములనే వాడెడివారు. ఆ చక్రములు పగిలి ప్రాణములు పోవుటయు, రాతిధూళి పీల్చి ఊపిరితిత్తులు చెడి నడివయస్సు చేరకయే మరణించుటయు అచట పందొమ్మిదవ శతాబ్దమున సామాన్యముగ నుండెను. నేటికిని ఈ పనిలో పెద్ద అపాయములు ఆ రెండే: చక్రము పగులుట, ధూళి.

మొదటిదానిని చూతము. చేతి గ్రైండరునకు మామూలుగా నాలుగంగుళముల చక్రము బిగింతురు. దాని అడ్డుకొలత 100 మిల్లీమీటర్లు. ఒక చుట్టు తిరిగిన దాని అంచు 31 సెంటీమీటర్లకు కొంచెము పైగా పోవును. గ్రైండరు నిమిషమునకు 11,000 చుట్లు త్రిప్పును. లెక్క కట్టిన, ఆ అంచు నిమిషమునకు సుమారు 3,450 మీటర్లు, గంటకు 207 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదని తేలును. సాగర్ రోడ్డుమీద ఏ బస్సును అంత వేగముతో పోదు. అట్టి వేగమున చక్రపు ముక్క ఒకటి ఊడిన ఏమగునో పొలమున ఒడిసెల త్రిప్పినవారికి చెప్పనక్కరలేదు. త్రాడు వదలినంతనే రాయి తిరుగుచున్న వరుసలోనే సూటిగా దూసికొని పోవును. చక్రపు ముక్కయు అట్లే పోవును.

ఈ కారణముచేత ప్రతి చక్రముమీదను తయారుచేసినవారు ఒక సంఖ్య ముద్రింతురు. ఆ చక్రము నిమిషమునకు అత్యధికముగ ఎన్ని చుట్లు తిరుగవచ్చునో ఆ సంఖ్య తెలుపును. యంత్రము మీది రేకుపైనను ఒక సంఖ్య ఉండును. యంత్రము ఎన్ని చుట్లు త్రిప్పునో అది తెలుపును. చక్రము మీది సంఖ్య యంత్రము మీది సంఖ్యకంటె ఎక్కువగ నుండవలెను, లేదా కనీసము సమానముగ నుండవలెను. ఈ పాఠమంతటిలో ఒక్క వాక్యమే జ్ఞాపకముంచుకొనగలిగిన, ఈ వాక్యమును జ్ఞాపకముంచుకొనుడని మా కోరిక. చదువురాని పనివాడైనను అంకెలు పోల్చి చూడగలడు.

నాలుగంగుళముల మంచి చక్రముపై 15,200 లేక 15,300 అని ఉండును. యంత్రము 11,000. కనుక భయము లేదు. అయితే దుకాణములలో జరుగు పని వేరు. నాలుగంగుళముల చక్రము లోతుగా కోయదు. మందమైన ఇనుము వచ్చినప్పుడు ఏడంగుళముల చక్రము తెచ్చి అదే చిన్న గ్రైండరునకు తగిలించెదరు. పెద్ద చక్రమునకు గార్డు అడ్డము వచ్చును. గార్డును ఊడదీసి మూల పారవేయుదురు. ఏడంగుళముల చక్రము మీది సంఖ్య 8,500 మాత్రమే. అది పెద్ద, నెమ్మదిగా తిరుగు యంత్రమునకు చేసినది. దానిని 11,000 చుట్లు త్రిప్పిన అంచు వేగము గంటకు 370 కిలోమీటర్లు దాటును. చక్రమును చీల్చు బలము వేగముతో సమముగా పెరుగదు, వేగము యొక్క వర్గముతో పెరుగును. ఇచట వేగము సుమారు మూడు పదులవంతు పెరుగగా చీల్చు బలము మూడింట రెండువంతులు పెరుగుచున్నది. ఆ పైని రక్షణగా నుండవలసిన గార్డు కూడ లేదు. అపాయమును పిలిచి పీట వేయుట యనగా నిదియే.

కొందరు చెక్క కోయు పండ్ల బిళ్ళను సయితము చేతి గ్రైండరునకు బిగించుట కలదు. పండ్లు చెక్కలో పట్టుకొనినంతనే యంత్రము చేతినుండి ఎగిరి మెడకో తొడకో తగులును. ఆ పనికి ఏ జాగ్రత్తయు చాలదు. దానిని మానిపించవలసినదే.

కుండను మ్రోగించినట్లు

సంతలో కుండ కొనునప్పుడు మన స్త్రీలు దానిని వ్రేలి ముడితో కొట్టి చూచెదరు. కంగుమని మ్రోగిన మంచిది, బొద్దుమనిన బీట వారినది. బల్లమీది గ్రైండరునకు బిగించు మట్టి జిగురు చక్రములకు కూడ ప్రపంచమంతట ఇదే పరీక్ష. చక్రమును నడిమి రంధ్రమున వ్రేలు దూర్చి వ్రేలాడదీసి, స్క్రూడ్రైవరు చెక్క పిడితో అంచుకు అంగుళము, రెండంగుళముల లోపల మెల్లగా తట్టవలెను. కొంచెము త్రిప్పి మరల తట్టవలెను. స్పష్టముగ మ్రోగిన బిగించవచ్చును. మ్రోత చచ్చిన దానిని సుత్తితో ముక్కలు చేసి పారవేయవలెను. ఊరక ప్రక్కన పెట్టిన, మరునాడు మరియొకడు తీసి బిగించును. చక్రము తడిగానున్నను, దుమ్ము పట్టియున్నను మ్రోత సరిగా రాదు గనుక తుడిచి ఆరిన పిమ్మట పరీక్షింపవలెను. చేతి గ్రైండరునకు వాడు పలుచని బిళ్ళలు ఇట్లు మ్రోగవు. వాటిని వెలుతురులో పట్టి, బీటలు, అంచు పెచ్చులు చూడవలెను. వాటి నడిమి లోహపు కడియముమీద గడువు నెల, సంవత్సరము ముద్రించియున్న, గడువు దాటినవానిని వాడరాదు. జిగురు కాలక్రమమున బలము తగ్గును. తడి తగిలిన మరింత త్వరగా తగ్గును. కనుక చక్రములను నేలమీద, నీళ్ళ డబ్బాల ప్రక్కన, ఇనుప ముక్కల క్రింద పెట్టరాదు. పొడిగానుండు అరలో పెట్టవలెను.

బిగించుటయు ఒక విద్యయే. బ్రిటనులో 1970లో సానచక్రములకు ప్రత్యేక నిబంధనలు చేసినప్పుడు, శిక్షణ పొంది నియమింపబడినవాడు తప్ప మరెవ్వరును చక్రమును యంత్రమునకు బిగింపరాదని శాసించిరి. ఆ నియమములో గొప్ప వివేకమున్నది. చక్రము ఇరుసుమీద సులభముగా ఎక్కవలెను. సుత్తితో కొట్టి ఎక్కించిన లోపల బీట వచ్చును. రంధ్రము వదులైన గుడ్డపీలికలు చుట్టి బిగించుట తగదు. మట్టి చక్రమునకు ఇరుప్రక్కల కాగితపు వాషర్లు, వాటిపై సమానమైన ఫ్లాంజి బిళ్ళలు ఉండవలెను. కాగితము ఏమి చేయునని తీసివేయువారున్నారు. బిళ్ళ యొత్తిడి చక్రమంతటను సమముగా పడుటకు ఆ కాగితమే ఆధారము. పానాతో తగినంత బిగించిన చాలును, బలమంతయు చూపనక్కరలేదు. క్రొత్త చక్రమును బిగించిన వెంటనే గార్డు పెట్టి, ప్రక్కకు తొలగి నిలిచి, ఒక నిమిషము ఊరకనే త్రిప్పవలెను. పగులనున్న చక్రము తరచుగా ఆ మొదటి నిమిషముననే పగులును. చక్రము ఎదుట ఎవ్వరును ఉండరాదు.

బల్లమీది గ్రైండరులో పనిముట్టు ఆనించు ఇనుప పీటకును చక్రమునకును నడుమ మూడు మిల్లీమీటర్లకు మించి సందు ఉండరాదు. చక్రము అరిగినకొలది ఆ పీటను దగ్గరకు జరుపుచుండవలెను. సందు పెరిగిన కొడవలి కొన లోనికి దూరి ఇరుకును, చక్రము పగులును, దానితోపాటు వ్రేళ్ళును పోవచ్చును. ఆ చక్రపు ప్రక్కభాగముమీద సానపట్టుట వద్దు. అది అంచుతో పనిచేయుటకే చేసినది. అట్లే కోయు పలుచని బిళ్ళ అంచుతో కోయుటకే గాని, దాని ముఖముతో రుద్దుటకు గాదు.

నిలుచు తీరు, కట్టు బట్ట

గ్రైండరును రెండు చేతులతో పట్టవలెను. ప్రక్కపిడి యంత్రముతోపాటు వచ్చును, మరునాటికి కనిపించదు. బిళ్ళ ఇనుములో ఇరుకుకొనిన యంత్రము వెనుకకు తన్నును. ఒక చేతితో పట్టినవాడు ఆ తన్నును ఆపలేడు. కోయు ముక్క నడుమ క్రుంగకుండ రెండు ప్రక్కల ఆధారము పెట్టవలెను. గార్డు తనకును చక్రమునకును నడుమ ఉండునట్లు త్రిప్పుకొనవలెను. పని ముగిసి మీట ఆర్పినను చక్రము మరికొన్ని క్షణములు తిరుగుచునే యుండును. అది ఆగకుండ నేల పెట్టువారు పాదములు కోసికొనిరి.

భుజముమీది కండువా, వ్రేలాడు లుంగీ అంచు, చేతి తాయెత్తు, వదులైన గుడ్డ గ్లౌజు చక్రమునకు ఆహారములు. పల్లెలలో పనిచేయువాడు కండువా లేకుండుట అరుదు. అయినను గ్రైండరు వద్ద దానిని తీసి మేకునకు తగిలింపవలసినదే.

నిప్పురవ్వలు ఎటు పోవుచున్నవో చూచుకొనవలెను. గడ్డివాము, పత్తి మోపు, పెట్రోలు సీసా ఆ దిక్కున ఉండరాదు. ఇచట మరియొక విషయము చెప్పక తప్పదు. గ్రామములలో పాత డీజిలు పీపాను, నూనె డ్రమ్మును నడుమకు కోసి తొట్టిగా చేసికొనుట వాడుక. ఖాళీ పీపాలో ద్రవము లేకున్నను ఆవిరి నిలిచియుండును. గ్రైండరు రవ్వ తగిలినంతనే అది బాంబువలె పేలును. నిండు పీపాకంటె ఖాళీ పీపాయే ఎక్కువ ప్రమాదకరము. పంచాయతీ అవసరములకు ఇట్టి తొట్లు చేయింపకుండుట మేలు.

విద్యుత్తు తీగె చినిగి ప్లాస్టరు చుట్టియున్న యంత్రమును, ఎర్తు లేని సాకెట్టును వాడరాదను మాట అందరును ఎరిగినదే.

కన్ను

మేము చూచిన దుకాణములలో అనేకచోట్ల కళ్ళజోడు లేదు, లేక గోడకు వ్రేలాడుచున్నది. పనివానిని అడిగిన, చెమటకు మసకబారును, కనిపించదు అని చెప్పును. ఆ మాటలో నిజము లేకపోలేదు. గీతలు పడిన చౌక కళ్ళజోడు పెట్టుకొనిన ఇనుముమీది గీత కనిపించదు. అట్టి కళ్ళజోడు ఇచ్చి పెట్టుకొమ్మని గద్దించుటకంటె, ప్రక్కలు మూసియున్న తెల్లని మంచి కళ్ళజోడు ఇచ్చుట ఉచితము. దాని ధర ఒక పూట కూలికి మించదు. ఎండకు పెట్టుకొను నల్ల జోడును, వెల్డింగు అద్దమును దీనికి మారుగావు. వెల్డింగు చేయనివాడు, ప్రక్కన నిలిచి ఇనుము పట్టుకొనిన సహాయకుడు కూడ పెట్టుకొనవలెను. రజను కన్ను తప్పిపోయినవాని ప్రక్కవాని కంటిలో పడుట తరచుగా జరుగుచున్నది.

కంటిలో ఇనుప రజను పడినప్పుడు మన గ్రామములలో చేయు వైద్యము తలచుకొనిన బాధ కలుగును. కండువా కొన మెలిపెట్టి తుడుతురు, నాలుకతో తీయుదురు, ఆకు పసరు పోయుదురు. నల్లగ్రుడ్డుమీది పొర మిక్కిలి సున్నితము. అందు గీత పడి మైల చేరిన పుండై, చూపు పోవును. ఇనుప రజను కంటిలోనే నిలిచిన కొద్ది గంటలలో దాని చుట్టు త్రుప్పు వలయము ఏర్పడును. చేయవలసినది ఇంతే: కన్ను నులుమరాదు. వదులు ధూళియైన శుభ్రమైన నీటితో కడుగవచ్చును. అంటుకొని రానిదైనను, వేగముగా వచ్చి గ్రుచ్చుకొనినదైనను తీయుటకు ప్రయత్నింపక, కడుగక, ఒత్తిడి కలుగకుండ కప్పి కంటి వైద్యుని వద్దకు పంపవలెను. హైదరాబాదు మెహదీపట్నమునగల సరోజినీదేవి ప్రభుత్వ నేత్ర వైద్యశాల ఇబ్రహీంపట్నం ప్రాంతము వారికి అందుబాటులోనిదే. నొప్పి తగ్గినదని మరునాటికి వాయిదా వేయరాదు. గ్రుచ్చుకొని లోనికి పోయిన రజను కొన్నిసార్లు నొప్పియే పెట్టదు.

కనిపించని ధూళి

ఇనుము కోయువానికంటె రాయి కోయువానికి ఈ భాగము ముఖ్యము. గ్రానైటులో పలుగురాయి అంశమున్నది. ఇసుకరాతిలో అధికముగ నున్నది. పొడిగా కోసినప్పుడు లేచు తెల్లని పొగలో కంటికి కనిపించు రేణువులు ముక్కులోనే ఆగును. కనిపింపనంత సన్ననివి ఊపిరితిత్తుల లోతునకు పోయి అచట మచ్చ కట్టును. ఏండ్లకు ఆయాసము, దగ్గు వచ్చును. దానిని సిలికోసిస్ అందురు. ఒకసారి వచ్చిన దానిని తిరుగగొట్టు మందు నేటికిని లేదు. క్షయగా భ్రమించి వైద్యము చేయించుకొనువారును, దానితోపాటు నిజముగనే క్షయ సోకువారును ఉన్నారు. మన జిల్లాయందే, ఫరూఖ్‌నగర్ మండలములోని ఎలికట్ట గ్రామమున పలుగురాతిని పొడిచేయు పనికి పోయినవారు ఈ వ్యాధికి గురియైన సంగతి వార్తలకెక్కినది. అచట పని వేరు, ధూళి మాత్రము ఇదే.

నివారణ నీరే. కోయుచున్న చోట నీరు ధారగా పడుచుండిన ధూళి బురదయై క్రింద పడును. నీటితో కోయుటకు తగిన యంత్రమే వాడవలెను. మామూలు విద్యుత్తు గ్రైండరుమీద నీరు చల్లిన ప్రాణాపాయము. గుడ్డ కట్టుకొనిన చాలునను నమ్మకము సరికాదు. గుడ్డ నేతలోని సందులు ఆ రేణువులకు తెరిచిన వాకిళ్ళు. నీటి వసతి లేనిచోట ఎన్-95 వంటి మాస్కు కావలెను. పాఠశాల ఆవరణలో, అంగన్‌వాడీ గుమ్మము ముందు బండలు పొడిగా కోయుటను పంచాయతీ ఆ నిమిషముననే ఆపవచ్చును.

చట్టము చేరని చోటు

1948 కర్మాగారముల చట్టము ముప్పదవ విభాగములో, సానపట్టు ప్రతి యంత్రము వద్దను చక్రము యొక్క సురక్షిత వేగము, ఇరుసు వేగము వ్రాసిన ప్రకటన శాశ్వతముగ నుంచవలెనని విధించిరి. పైన చెప్పిన రెండు సంఖ్యల సూత్రమే అది. అయితే ఆ చట్టము విద్యుత్తు వాడుచోట పదిమంది లేక అంతకు మించి పనివారున్న స్థలములకే వర్తించెను. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వృత్తి భద్రతా స్మృతిలో కర్మాగారమనుటకు ఆ సంఖ్య ఇరువదికి పెరిగినది. ముగ్గురు పనిచేయు వెల్డింగు షాపునకు కర్మాగారముల తనిఖీ అధికారి అప్పుడును రాలేదు, ఇప్పుడును రాడు. మిగిలినది పంచాయతీయే.

పంచాయతీ చట్టములో యంత్రములు నెలకొల్పుటకు గ్రామ పంచాయతీ అనుమతి పొందవలెనను నిబంధన ఉన్నది. అనుమతి ఇచ్చునప్పుడు రుసుము వసూలుతో సరిపుచ్చక, గార్డు ఉన్నదా, రెండు సంఖ్యలు గోడమీద వ్రాసినారా అని సభ్యుడొకరు పోయి చూడవచ్చును. పంచాయతీ పనులు అప్పగించునప్పుడు, గార్డు లేని యంత్రముతో చేసిన పనికి బిల్లు ఇయ్యబడదని ముందుగానే తీర్మానించి తెలుపవచ్చును. పదునాలుగేండ్లలోపు పిల్లలను పనిలో పెట్టుట నేరమని అందరును ఎరుగుదురు. చక్రము వద్దకు పదునెనిమిదేండ్లు నిండనివానిని రానీయవద్దని మా సలహా.

శిక్షణకు పెద్ద ఖర్చు లేదు. ఒక సాయంకాలము పంచాయతీ కార్యాలయమున వెల్డింగువారిని, రాయి కోయువారిని, మేస్త్రీలను, బోరు మోటార్లు బాగుచేయువారిని పిలువుడు. దగ్గరలోని ఐ.టి.ఐ. బోధకుని అతిథిగా కోరుడు. నిర్మాణ కార్మికులకు శిక్షణ ఇచ్చు జాతీయ నిర్మాణ అకాడమీ 1998 నుండి హైదరాబాదులో పనిచేయుచున్నది, దానిని గూర్చియు విచారింపవచ్చును. ఉపన్యాసము వద్దు. ఒక మంచి చక్రము, ఒక బీటవారిన చక్రము తెచ్చి అందరిచేతను మ్రోగింపుడు. ఒక్కొక్కనిచేత చక్రము మీది అంకె, యంత్రము మీది అంకె చదివింపుడు. విప్పుట, బిగించుట చేయించి, తప్పు చేసినచోట ఆపి సరిదిద్దుడు. యజమానిని కూడ కూర్చుండబెట్టుడు, ఏలయన గార్డు ఊడదీయుమని చెప్పువాడు తరచుగా అతడే. ఆ సాయంకాలముననే భవన నిర్మాణ కార్మిక సంక్షేమ మండలిలో చేరని వారి పేర్లు వ్రాసికొనవచ్చును. 18 నుండి 60 ఏండ్ల లోపువారై, గడచిన సంవత్సరమున 90 దినములు నిర్మాణపు పని చేసినవారు అందులకు అర్హులు.

రెండు నెలలకొకసారి జరుగు గ్రామసభకు ముందు సభ్యులిద్దరు ఊరిలోని దుకాణములను మరియొకసారి చుట్టి రావలెను. మూల పారవేసిన గార్డులు మరల యంత్రముల మీదికి వచ్చినవో లేదో అప్పుడు తెలియును.